ఎవరిదీ కాని కుక్క, తనదైన చోటు

వీధికుక్క, ఊరకుక్క అనే మాటల్లో ఒక విశేషం ఉంది. ఆ కుక్క ఎవరిదో అవి చెప్పవు, ఎక్కడిదో మాత్రం చెబుతాయి. యజమాని ఉండవలసిన చోట వీధో ఊరో నిలబడి ఉంటుంది. అదే కుక్కను తలచుకొని జాలిపడేటప్పుడు మాత్రం దిక్కులేనిది అంటారు, అనాథ అంటారు. ఈ రెండు రకాల పిలుపుల మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. మొదటిది కుక్క బతుకుకు దగ్గరగా ఉన్న మాట. రెండోది మనిషి తన ఇంటి గడపను కొలబద్దగా పెట్టుకొని అన్న మాట. యజమాని లేకపోవడం వేరు, తనదంటూ ఒక చోటు లేకపోవడం వేరు. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకు యజమాని లేకపోయినా, తన వాసన పట్టిన నేల, తాను గుర్తుపట్టే ముఖాలు, తనను గుర్తుపట్టే తోటి కుక్కలు సాధారణంగా ఉంటాయి. ఇంట్లో పెరిగి ఒకనాడు రోడ్డు మీద దిగవిడిచిన కుక్కకు ఇవేవీ ఉండవు. చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక రెండింటికీ ఒకే పేరు, ఒకే పరిష్కారం అంటగడుతుంటారు. వీధికుక్క జీవితాన్ని పుట్టుక నుంచి వరుసగా గమనిస్తే, అది వెతుక్కునేది ఏమిటో, ఆ వెతుకులాట ఎక్కడ తెగిపోతుందో స్పష్టంగా తెలుస్తుంది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఇంట్లో, గొలుసుతో, గిన్నెలో తిండితో బతికే కుక్కే అసలైన కుక్క అని, వీధిలో తిరిగేది దాని దిగజారిన రూపమని చాలామంది నమ్మకం. ప్రపంచంలో కుక్కల సంఖ్య 70 కోట్ల నుంచి 100 కోట్ల వరకు ఉంటుందని అంచనా. వాటిలో అత్యధిక భాగం ఎవరి నియంత్రణలోనూ లేకుండా మనుషుల మధ్య స్వేచ్ఛగా తిరిగేవే. కుక్క ఎలా పుట్టిందన్న ప్రశ్నకు జీవశాస్త్రవేత్తలు రేమండ్ కాపింగర్, లోర్నా కాపింగర్ ఇచ్చిన సమాధానం కూడా ఈ వైపే మొగ్గుతుంది. మనుషులు పారేసిన మిగులు తిండి దగ్గరకు, తక్కువ బెదురున్న తోడేళ్లు చేరి, తరాలు గడిచేకొద్దీ కుక్కలుగా మారాయని వారి వాదన. దీనిపై శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నా, మనిషి తిండి మీద బతికిన గుర్తులు కుక్క శరీరంలో ఉన్నాయన్నది మాత్రం తేలింది. 2013లో వెలువడిన ఒక జన్యు పరిశోధన, పిండిపదార్థాన్ని జీర్ణం చేసుకునే జన్యువు ప్రతులు తోడేళ్లలో కంటే కుక్కల్లో చాలా ఎక్కువగా ఉన్నాయని చూపింది. అంటే మనిషి పక్కన, మనిషి వదిలిన దాని మీద బతకడం కుక్క జాతికి నిన్న మొన్న వచ్చిన దురవస్థ ఏమీ కాదు.

తిండి ఒక్కటే ఈ బంధాన్ని నిలబెట్టిందనుకోవడమూ సరికాదు. జర్మనీలో బాన్ నగరం దగ్గరి ఒబర్‌కాసెల్‌లో 1914లో ఇద్దరు మనుషుల అస్థిపంజరాలతో పాటు ఒక కుక్క ఎముకలు బయటపడ్డాయి. అవి దాదాపు 14,200 ఏళ్ల నాటివి. చనిపోయేనాటికి ఆ కుక్కకు ఏడు నెలలు కూడా నిండలేదు. దాని దంతాలను పరిశీలించిన పరిశోధకులు, అంతకు కొన్ని వారాల ముందే దానికి డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధి సోకిందని, ఎవరో వెచ్చగా ఉంచి, నీళ్లు తాగించి, శుభ్రం చేసి ఉండకపోతే అన్నాళ్లు బతికి ఉండేది కాదని 2018లో వివరించారు. వేటకు గానీ కాపలాకు గానీ పనికిరాని ఒక జబ్బు కుక్కపిల్లకు సేవ చేసి, చివరకు తమవారి పక్కనే పూడ్చిపెట్టిన మనుషులు అప్పటికే ఉన్నారు.

వీధికుక్క జీవితం ఈ సామీప్యంలోనే మొదలవుతుంది. దాదాపు 63 రోజుల గర్భం తరువాత ఈనడానికి తల్లి ఎంచుకునే చోటే దీనికి మొదటి సాక్ష్యం. మనుషుల అలికిడి లేని పొదల్లోకి వెళ్లే అవకాశం ఉన్నా, చాలా తల్లులు ఇళ్ల వెనుక సందులు, మెట్ల కింద ఖాళీలు, ఆగి ఉన్న వాహనాల అడుగు, పాడుబడిన గోడల మధ్య చోట్లు చూసుకుంటాయి. స్వేచ్ఛగా తిరిగే కుక్కల మీద భారతదేశంలో దీర్ఘకాలంగా పరిశోధన చేస్తున్న కోల్‌కతా ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) బృందం కూడా, ఈ ఎంపికలో మనుషులకు దగ్గరగా ఉండాలన్న మొగ్గు కనిపిస్తుందని నమోదు చేసింది. అలా పుట్టిన పిల్లలకు కళ్లు తెరుచుకోవు, చెవులు వినపడవు, ఒంటి వేడిని నిలుపుకొనే శక్తి కూడా ఉండదు. మొదటి రెండు వారాలు వాటికి తెలిసినదల్లా తల్లి పొట్ట వెచ్చదనం, పాల వాసన, పక్కన ఒత్తుకొని పడుకున్న తోబుట్టువుల స్పర్శ. చలి తగిలిన పిల్ల తల తిప్పుకుంటూ పాకి, వెచ్చని ఒంటికి తగిలే దాకా కుంయ్‌మంటూనే ఉంటుంది. తన చోటు కోసం కుక్క చేసే మొట్టమొదటి వెతుకులాట బహుశా అదే.

మూడో వారం నుంచి ఈ బతుకంతటికీ కీలకమైన కాలం మొదలవుతుంది. దాదాపు మూడు వారాల వయసు నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్ల మెదడు లోకాన్ని తనవారు, పరాయివారు అని విడదీసుకుంటుంది. అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో డేనియల్ ఫ్రీడ్‌మన్, జాన్ కింగ్, ఆర్విల్ ఎలియట్ దీన్ని పరీక్షించి 1961లో ఫలితాలు ప్రకటించారు. ఎత్తైన కంచె వేసిన ఆవరణల్లో, మనిషి కంటబడకుండా తిండి అందిస్తూ పిల్లలను పెంచారు. కొన్నింటిని రెండో వారంలో, కొన్నింటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల్లో బయటకు తెచ్చి, వారం పాటు మనుషుల మధ్య ఉంచి తిరిగి పంపారు. మిగిలినవాటికి పద్నాలుగు వారాల దాకా మనిషి స్పర్శే లేదు. ఆ చివరి పిల్లలు మనిషిని చూస్తే అడవి జంతువుల్లా పారిపోయాయి. తరువాత ఎంత ఓపికగా మచ్చిక చేయబోయినా వాటి బెదురు పూర్తిగా తీరలేదు. సరైన వయసులో ఒక్క వారం మనుషులతో గడిపిన పిల్లలకూ, అది దక్కని పిల్లలకూ మధ్య తేడా శాశ్వతంగా నిలిచిపోయింది.

ప్రయోగశాలలో కంచె చేసిన పనిని వీధిలో పరిస్థితులు చేస్తాయి. పది వారాల పిల్లకు రోజూ ఒక చిన్నారి చేయి తగిలితే, మనిషి చేయి అంటే దానికి ఆ స్పర్శే అర్థం. అదే వయసులో దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఒక కర్ర పైకి లేస్తే, మనిషి చేయి అంటే ఆ కర్రే. పెద్దయ్యాక మనిషి వంగి కిందనున్న వస్తువేదో తీసుకోబోతే చాలు తోక ముడుచుకొని పరుగెత్తే కుక్కలుంటాయి. రాయి కోసమే వంగాడని దానికి ఎవరూ చెప్పలేదు. దాని శరీరం నేర్చుకుంది. ఎవరినీ ఎప్పుడూ కరవని, ఎవరి దగ్గరకూ ఎప్పుడూ రాని కుక్క వీధిలో ఉంటే, దానికి పొగరనో పిరికితనమనో పేరు పెట్టే ముందు ఆ తొలి పది వారాలు ఎలా గడిచాయో ఆలోచించడం న్యాయం.

అసలు ఆ పది వారాలు దాటడమే చాలా పిల్లలకు సాధ్యపడదు. కోల్‌కతా ఐసర్ బృందమే పశ్చిమ బెంగాల్‌లో 364 పిల్లలను పుట్టుక నుంచి గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడు నెలల వయసుకు చేరినవి 19 శాతమే. మరణాల్లో 63 శాతానికి ఏదో ఒక రూపంలో మనుషులు కారణం: వాహనాల కింద పడటం, విషం పెట్టడం, కొట్టడం, తల్లి దగ్గర నుంచి ఎత్తుకుపోవడం లాంటివి. మనిషికి దగ్గరగా ఉంటే క్షేమమని తల్లి ఎంచుకున్న చోటే పిల్లల ప్రాణాల మీదికి తెస్తున్నదన్నమాట. ఈ అంకెలు చదివినప్పుడు మనసు కలుక్కుమనక మానదు. అయితే మనుషులకు దూరంగా వెళ్లిన తల్లికి తిండి దొరకదు, పాలు పడవు. రెండు ప్రమాదాల్లో ఒకదాన్ని ఎంచుకోవలసిన తల్లి, వేల ఏళ్లుగా తన జాతి ఎంచుకున్నదాన్నే ఎంచుకుంటున్నది.

బతికి బట్టకట్టిన పిల్లకు మొదటి ఎడబాటు తల్లి వల్లనే ఎదురవుతుంది. ఏడో వారం దాటాక తల్లి పాలివ్వడానికి విసుక్కుంటుంది, లేచి నడిచిపోతుంది, గుర్రుమంటుంది. ఆకలిగొన్న పిల్లలు వేరే తల్లుల దగ్గర దొంగతనంగా పాలు తాగిన సందర్భాలూ పరిశోధకుల కంటబడ్డాయి. గుంపులోని ఇతర ఆడకుక్కలు, కొన్నిసార్లు మగకుక్కలు కూడా పిల్లలకు కాపలా ఉండటం, వాటితో ఆడటం కద్దు. తల్లి బంధం పలచబడే కాలంలో ఈ గుంపే పిల్లకు ఇల్లవుతుంది. గుంపు అంటే తోడేళ్ల మందలాంటి కట్టుదిట్టమైన వ్యవస్థ అనుకోనక్కరలేదు. తిండి చాలామటుకు ఎవరిది వారు వెతుక్కుంటారు. పడుకోవడం, హద్దు కాపాడుకోవడం, పిల్లల్ని చూసుకోవడం మాత్రం కలిసి సాగుతాయి. కొన్ని కుక్కలు ఏ గుంపులోనూ చేరకుండానే జీవితమంతా గడుపుతాయి.

యవ్వనానికి వచ్చిన కుక్కకు నేల ప్రధానమవుతుంది. మనిషికి వీధి అంటే ఇళ్లు, బోర్డులు, మలుపులు. కుక్కకు అది వాసనల చిట్టా. ఏ స్తంభం దగ్గర ఎవరు ఆగారు, ఎంతసేపటి కిందట ఆగారు, ఆ కుక్క ఆడదా మగదా, ఎదకు వచ్చి ఉందా అన్న సమాచారం మూత్రపు గుర్తుల్లో చదువుకొని, తన గుర్తును పైన చేర్చి ముందుకు వెళుతుంది. తెల్లవారకముందే చేసే ఈ ప్రదక్షిణకు ఒక క్రమం ఉంటుంది. ఏ తలుపు ఏ వేళకు తెరుచుకుంటుందో, ఎవరి అడుగుల చప్పుడు తిండితో వస్తుందో, ఎవరిది తన్నుతో వస్తుందో దానికి కంఠస్థం. రాత్రిపూట కొత్త మనిషి కనబడగానే గుంపంతా ఒక్కసారిగా మొరగడం ఇక్కడి నుంచే పుడుతుంది. పగలు నూరుమంది నడిచిన దారిలో ఒక్కరిని రాత్రి నిలదీస్తాయి, ఎందుకంటే దారి ఖాళీ అయ్యాక ఆ నేల వాటిదే. ఆ నిలదీత మనిషికి భయం కలిగించే మాట నిజం, కొన్నిసార్లు గాయపరిచే మాట కూడా నిజమే. కారణం తెలిసినంత మాత్రాన కాటు నొప్పి తగ్గదు. అయితే మొరిగే కుక్క తన వైపు నుంచి చేస్తున్నది ఇంటి కాపలా పనే.

నేల, గుంపు, తిండి మూడూ ఉన్న కుక్కకు మనిషితో ఇంకేం పని? పరిశోధకులు ఈ ప్రశ్ననే వీధిలో పరీక్షించారు. అపరిచితుడు తిండి ముక్కను అరచేతిలో పెట్టి చాచినప్పుడు, అదే తిండిని నేల మీద ఉంచినప్పుడు, వీధికుక్కలు నేల మీద ఉన్నదానినే ఎంచుకున్నాయి. చేయి అంటే వాటికి నమ్మకం లేదు. తరువాత కొన్ని కుక్కలకు అదనంగా తిండి పెట్టి, మరికొన్నింటిని తల నిమిరి, కొన్ని రోజుల వ్యవధిలో పదే పదే అదే పరీక్షకు పెట్టారు. నిమిరిన కుక్కలు క్రమంగా చేతి దగ్గరకు వచ్చి తినసాగాయి. తిండి మాత్రమే అందుకున్న కుక్కలలో ఆ నమ్మకం అంతగా పెరగలేదు. 2017లో వెలువడిన ఈ ఫలితం, వీధికుక్క మనిషి వెంట తిరిగేది ఎంగిలి ముద్ద కోసమే అన్న వాడుక మాటను సరిదిద్దుతుంది. ఆకలి తీరని జీవి కూడా ఆకలికి మించిన మరొకదానితో మనిషిని తూచుకుంటున్నది. 2020లో భారతదేశంలోని వేర్వేరు నగరాల్లో 160 కుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాని వైపు వేలు చూపిన ప్రయోగంలో సుమారు సగం కుక్కలు బెదిరి దగ్గరకే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం, ఎవరూ ఏ శిక్షణా ఇవ్వకుండానే, చూపిన వేలును అనుసరించాయి. మనిషి సైగను చదివే శక్తి వాటిలో ఉంది. వాటిని వెనక్కి లాగేది అప్పటికే చవిచూసిన భయం.

ఈ బంధం ఎన్ని రకాలుగా ఉండగలదో మాస్కో నగర కుక్కలను దశాబ్దాల పాటు గమనించిన జీవశాస్త్రవేత్త ఆంద్రేయ్ పొయార్కోవ్ చూపించాడు. ఆయన వాటిని నాలుగు తరగతులుగా విభజించాడు: ఏదో ఒక ఆవరణను, అక్కడి కాపలాదారులను అంటిపెట్టుకొని ఉండేవి, మనుషుల నాడి చదివి అడుక్కొని బతికేవి, మనుషులతో పెద్దగా పని పెట్టుకోకుండా చెత్తలో ఏరుకొనేవి, రాత్రిళ్లు వేటాడుతూ మనుషులను తప్పించుకు తిరిగేవి. వీటిలో మొదటి తరగతి మీద కాసేపు మనసు నిలపాలి. ఆ కుక్కలు కాపలాదారులను తమ యజమానులుగానే భావిస్తాయి. ఆ మనుషులు మాత్రం తాము ఒక కుక్కను పెంచుతున్నామని ఎన్నడూ అనుకొని ఉండకపోవచ్చు. బంధం ఒకవైపు నుంచి సంపూర్ణంగా ఉంటుంది, రెండోవైపు దాని ఉనికే తెలియదు. వీధికుక్క విషాదంలో ఎక్కువ భాగం ఈ అసమానతలోనే ఉంది.

అదే నగరంలో మెండెలీయెవ్‌స్కయా మెట్రో స్టేషన్‌లో మాల్చిక్ అనే నల్లకుక్క కొన్నేళ్లు ఉండేది. స్టేషన్ సిబ్బందికీ రోజూ వచ్చిపోయే ప్రయాణికులకూ అది బాగా పరిచయం. ఇతర కుక్కలు, తాగుబోతులు లోపలికి వస్తే ఒప్పుకొనేది కాదు. 2001లో తన పెంపుడు కుక్కతో వెళుతున్న ఒక యువతి దాన్ని కత్తితో పొడిచి చంపింది. నగరవాసులు విరాళాలు పోగుచేయగా 2007లో అదే స్టేషన్‌లో దాని కంచు విగ్రహం వెలిసింది. యజమాని లేని కుక్కకు ఎంతమంది తనవారున్నారో అది పోయాక బయటపడింది.

మాస్కో వీధుల నుంచే మరో కుక్క చరిత్రకెక్కింది. సోవియట్ శాస్త్రవేత్తలు అంతరిక్ష ప్రయోగాలకు వీధికుక్కలను ఎంచుకున్నారు, చలిని ఆకలిని తట్టుకొని బతికినవి గనుక కఠిన పరిస్థితులకు ఓర్చుకుంటాయని. అలా పట్టుకొచ్చిన లైకాను 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో పంపారు. తిరిగి రప్పించే ఏర్పాటే ఆ నౌకలో లేదు. ప్రయోగానికి ముందు, శిక్షణ బాధ్యత చూసిన వ్లాదిమిర్ యాజ్దోవ్‌స్కీ దానిని తన ఇంటికి తీసుకెళ్లి పిల్లలతో ఆడుకోనిచ్చాడు. లైకా రోజుల తరబడి బతికి ఉందని అప్పట్లో చెప్పినా, అధిక వేడికి కొన్ని గంటల్లోనే చనిపోయిందని 2002లో వెల్లడైంది. కఠినమైన శిక్షణ, ఇరుకు బోను, చివరి రోజుల్లో ఒక ఇల్లు, ఆడుకున్న పిల్లలు. ఆ కుక్క మనుషులను నమ్మడం వల్లనే ఆ శిక్షణ అంతా సాధ్యమైందన్నది మరచిపోరాని విషయం.

కుక్కకు తన నేల ఎంత ముఖ్యమో తెలియని చోట, అన్నిటికంటే తేలికగా తోచే పరిష్కారం వాటిని పట్టుకెళ్లి దూరంగా వదిలేయడం. 1910లో ఇస్తాంబుల్ పాలకులు వేల సంఖ్యలో వీధికుక్కలను పట్టి, నీరూ తిండీ లేని సివ్రియాడా ద్వీపంలో దించారు. ఆకలితో అవి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి, ఒడ్డుకు ఈదబోయి మునిగిపోయాయి. వాటి అరుపులు నగరానికి వినిపించాయని నాటివారు రాసిపెట్టారు. ఆ తరువాత కూడా ఇస్తాంబుల్ వీధుల్లో కుక్కలు లేకుండా పోలేదు. దీనికి జీవశాస్త్రపరమైన కారణం ఉంది. తిండి, ఆశ్రయం ఉన్న నేల ఖాళీ అయితే పక్క నేలల కుక్కలు అందులోకి వస్తాయి. పోటీ తగ్గడంతో వాటి పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. వచ్చినవాటికి అక్కడి మనుషులు తెలియరు, ఒకదానికొకటి తెలియవు. హద్దులు తేలే దాకా కొట్లాటలు పెరుగుతాయి. దూరంగా వదిలిన కుక్కలకైతే కొత్త చోట అప్పటికే స్థిరపడిన గుంపులు ఎదురవుతాయి. కొన్ని చస్తాయి, కొన్ని పాత చోటు వెతుక్కుంటూ రహదారులు దాటుతూ చస్తాయి.

మనుషుల భయాన్ని ఇక్కడ తక్కువ చేసి మాట్లాడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబీస్ ఏటా సుమారు 59,000 మందిని బలిగొంటున్నది; మనుషులకు సోకే రేబీస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారానే వస్తుంది; మృతుల్లో దాదాపు 40 శాతం 15 ఏళ్ల లోపు పిల్లలు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు కుక్క మనోభావాల గురించి చెప్పడానికి నోరు రాదు. ఈ వ్యాధిని ఆపే మార్గం కూడా ఆ సంస్థే చెబుతున్నది: ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా వేయాలి. టీకా వేసి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, పట్టిన చోటే తిరిగి వదిలిన కుక్క ఆ నేలను పట్టుకొని ఉంటుంది, టీకా పడని కొత్త కుక్కను రానివ్వదు. కుక్కకు తన చోటు మీదున్న మమకారమే ఈ పద్ధతిలో మనిషికి కవచంగా పనిచేస్తుంది. చెదరగొట్టిన ప్రతిసారీ ఆ కవచం చిరుగుతుంది.

ఇక ఇంటి నుంచి గెంటేసిన కుక్క మాటకు వస్తే, దాని స్థితి వీధిలో పుట్టిన కుక్క స్థితికి పూర్తిగా భిన్నం. దానికి వాహనాల వేగం తెలియదు, చెత్తలో ఏది తినదగినదో తెలియదు, ఎదురైన గుంపుకు లొంగినట్లు ఎలా తెలపాలో సరిగా రాదు. చాలాసార్లు అది వదిలిన చోటనే రోజుల తరబడి కూర్చుంటుంది. ఆగిన ప్రతి వాహనం వైపూ లేచి వెళుతుంది, లోపలున్నవారి వాసన పీల్చి వెనక్కి వస్తుంది. తిండి పెట్టినా ముట్టని కుక్కలుంటాయి. వీధిలోని మిగతా కుక్కలు దాన్ని తరుముతుంటాయి, అది మళ్లీ అదే చోటికి చేరుతుంటుంది. ఇలాంటి కుక్కే అసలైన దిక్కులేని కుక్క. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్కేంద్ర ప్రమాదం తరువాత జనాన్ని తరలించినప్పుడు పెంపుడు జంతువులను వెంట తీసుకువెళ్లనివ్వలేదు. వదిలిన కుక్కల్లో ఎన్నింటినో కాల్చి చంపారు. బతికినవాటి సంతతి నేటికీ అక్కడ ఉంది. 2023లో అక్కడి 302 కుక్కల జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు వాటిలో 15 కుటుంబాలను గుర్తించారు. ఇళ్లు పోగొట్టుకున్న కుక్కల వంశం, ఆ నేల మీదే, విద్యుత్కేంద్రంలో పనిచేసే మనుషులను ఆనుకొని కుటుంబాలుగా నిలదొక్కుకుంది. దానికి తరాలు పట్టింది. వదిలేసిన ఒక్క కుక్కకు అంత సమయం ఉండదు.

ఆ ఒక్క కుక్క ఏం పోగొట్టుకుందో కొలవడానికి దారి చూపిన ప్రయోగం ఒకటి 1996లో అమెరికాలో జరిగింది. ఏళ్ల తరబడి జంటలుగా ఒకే గదిలో బతికిన కుక్కలను తీసుకొని, ముందు జంటలో ఒకదాన్ని తొలగించి, రెండోదాన్ని అలవాటైన గదిలోనే ఉంచారు. ఒత్తిడిని తెలిపే కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరగలేదు. తరువాత కొత్త గదిలో ఉంచారు. ఒంటరిగా ఉన్నా, చిరకాలపు తోడుతో ఉన్నా ఒత్తిడి పెరిగింది. ఆ కొత్త గదిలో తమను రోజూ చూసుకునే మనిషి పక్కన ఉన్నప్పుడు మాత్రం పెరగలేదు. కుక్కకు చోటు ఒక ధైర్యం, తెలిసిన మనిషి మరొక ధైర్యం. ఒకటి పోయినా రెండోది దాన్ని నిలబెడుతుంది. రోడ్డు మీద వదిలిన కుక్క ఒకే క్షణంలో ఈ రెండు ఆధారాలనూ పోగొట్టుకుంటుంది. ఆశ్రయ కేంద్రంలోకి వచ్చిన కుక్కల్లో మొదటి మూడు రోజులు కార్టిసాల్ బాగా ఎక్కువగా ఉండటానికీ, ఎవరైనా కాసేపు పక్కన కూర్చొని ఒళ్లు నిమిరితే అది తగ్గడానికీ కారణం వెతకడం ఈ నేపథ్యంలో కష్టం కాదు.

దీనికి మరోవైపు ఊరటనిచ్చే విషయమూ ఉంది. హంగరీలో బుడాపెస్ట్‌లోని ఒట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పసిపిల్లలకు తల్లి మీదున్న మమకారాన్ని పరీక్షించే పద్ధతినే కుక్కలకు అన్వయించి, యజమాని పట్ల అవి చూపే బంధం అదే తీరులో ఉంటుందని 1998లో చూపారు. 2001లో అదే బృందం ఆశ్రయ కేంద్రాల్లోని ఎదిగిన కుక్కలను పరీక్షించింది. ఒక అపరిచితుడు ఒక్కో కుక్కతో పది నిమిషాల చొప్పున మూడుసార్లు గడిపాడు. అంతకు మించి ఏమీ చేయలేదు. ఆ కాస్త సమయం తరువాతే అవి ఆ మనిషిని ఇతరుల నుంచి వేరుచేసి గుర్తించి, అతని దగ్గరకే చేరి, అతను గది విడిచి వెళితే తలుపు దగ్గర నిలబడ్డాయి. తొలి పది వారాల్లో మనిషి స్పర్శ ఎరిగిన కుక్క, ఎన్నిసార్లు దెబ్బతిన్నా, కొత్త బంధానికి ఇంత తొందరగా సిద్ధమవుతుంది.

వీధిలో పెరిగిన పెద్ద కుక్కను ఇంటికి తెచ్చుకునేవారు ఇంకొంచెం ఓపిక పట్టవలసి ఉంటుంది. దానికి అప్పటికే ఒక లోకం ఉంది; ఇంటికి తేవడమంటే ఆ లోకం నుంచి దాన్ని వేరు చేయడం కూడా. మొదటి రోజుల్లో అది గది మూలనో మంచం కిందనో దాక్కుంటుంది, మనిషి ఎదుట తినదు, రాత్రంతా నిద్రపోకుండా చప్పుళ్లు వింటూ ఉంటుంది. వెలుతురూ గాలీ వచ్చే తలుపు వైపే ముఖం పెట్టి పడుకుంటుంది. పిలిస్తే రాదు, చేయి చాచితే వెనక్కి జరుగుతుంది. ఇలాంటప్పుడు దాన్ని ఎత్తుకొని ముద్దుచేయబోవడం కంటే, దానికి కాస్త దూరంలో నేల మీద కూర్చొని, దాని వైపు నేరుగా చూడకుండా, రోజూ ఒకే వేళకు ఒకే పని చేస్తూ పోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. వీధిలో అది మనుషులను నేర్చుకున్నదీ అలాగే, వారి వేళలను బట్టి, అడుగుల చప్పుడును బట్టి. కొన్ని వారాలకు ఆ మనిషి అడుగులను మిగతా అడుగుల నుంచి విడదీసుకుంటుంది. అప్పుడు ఒక రాత్రి తలుపు వైపు నుంచి లేచి వచ్చి, ముట్టుకోవడానికి ఇంకా చేయి అందనంత దూరంలో, ఈసారి వీపు తలుపుకు పెట్టి పడుకుంటుంది.